కిరాయి పెంచుతామన్నప్పుడు మనం ఏం చేయాలి
(పట్టణ సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశం, వరంగల్. పారా లీగల్ వాలంటీరుగా పనిచేస్తున్న ఒక సభ్యురాలి ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి బ్యాంకు లింకేజీ గురించి, స్త్రీనిధి గురించి, రికవరీ గురించి విన్నారు. నేను చెప్పేది లోన్ గురించి కాదు గానీ, లోన్ తెచ్చిన డబ్బు ఎటు పోతుందో దాని గురించి. సంఘం మీటింగులో "అప్పు దేనికి తీసుకుంటున్నావు" అని అడిగితే "ఇంటి అవసరాలకు" అని రాయిస్తాం. ఆ ఇంటి అవసరాల్లో చాలాసార్లు ఉండేది కొత్త ఇంటికి అడ్వాన్సు, సామాను మోసిన బండి కిరాయి.

ఒకసారి చేతులెత్తండి. కిరాయి ఇంట్లో ఉండేవాళ్లు? సగం పైనే ఉన్నారు. ఇప్పుడు, ఇల్లో మడిగో కిరాయికి ఇచ్చినవాళ్లు? సిగ్గుపడకండి, ఎత్తండి. చూశారా, ఓనరమ్మలు కూడా మనలోనే ఉన్నారు. కాబట్టి ఈ మాటలు ఒకరి మీద ఒకరికి కోపం పెంచడానికి కాదు. మీ సంగతికి మళ్లీ వస్తాను.

మన ఊళ్లో ఇది ఎప్పుడు జరుగుతుందో మీకు తెలుసు. కాలేజీలు తెరిచే ముందు. నయీంనగర్, కిషన్‌పుర వైపు ఒక గదికి ముగ్గురు పిల్లలను పెట్టి మనిషికింత అని తీసుకుంటే కుటుంబం ఇచ్చే కిరాయి కన్నా ఎక్కువ వస్తుంది. ఆ లెక్క ఓనర్లకు తెలిశాక పక్క వీధులకూ పాకింది. అగ్రిమెంటు పదకొండు నెలలు నిండే సమయానికి ఒక ఫోన్ వస్తుంది: "వచ్చే నెల నుంచి ఎనిమిది వేలు ఇయ్యుండ్రి, లేదంటే ఖాళీ చెయ్యుండ్రి." ఆరు వేల నుంచి ఎనిమిది వేలకు! అంటే వందకు ముప్పై మూడు. ఆ ఫోన్ వచ్చిన రాత్రి నిద్రపట్టదు. పిల్లల బడి, మిషన్ దగ్గరకు బట్టలు తెచ్చే గిరాకీ, నల్లా ఎప్పుడొస్తుందో తెలిసిన వీధి, ఇవన్నీ ఒక్క మాటతో కదులుతాయి. ఒంటరి ఆడమనిషికైతే ఇంకా కష్టం. టులెట్ బోర్డు చూసి గేటు దగ్గరికి పోతే ముందు కిరాయి ఎంతిస్తావని అడగరు, మీవారేం చేస్తారని అడుగుతారు, తర్వాత మీరేమిట్లు అని అడుగుతారు. ఆ సంగతి ఓనర్‌కూ తెలుసు. ఈమె ఎక్కడికి పోతుందిలే అన్న ధైర్యంతోనే రెండు వేలు పెంచుతారు.

ముందు చేదు మాట చెప్పేస్తాను. నా దగ్గరికి వచ్చే ప్రతి అక్కా అడిగేది ఒకటే: "ఇంతకన్నా ఎక్కువ పెంచొద్దని చట్టం లేదా?" ఉంది, కానీ మనలో చాలామందికి అందదు. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం మన తెలంగాణలో ఇప్పటికీ నడుస్తోంది. దాని కింద రెంట్ కంట్రోలర్ దగ్గరికి పోయి న్యాయమైన కిరాయి ఎంతో నిర్ణయించమని అడగవచ్చు. ఆ చట్టంలో రాసిన కారణాలకు తప్ప ఖాళీ చేయించడానికి వీల్లేదు. అయితే కార్పొరేషన్ ప్రాంతంలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన కిరాయిలకు ఆ చట్టం వర్తించదని 2005లో సవరణ వచ్చింది. కొత్తగా కట్టిన ఇంటికి 15 ఏళ్ల దాకా వర్తించదు. ఇప్పుడు వరంగల్లో 3,500 లోపు ఇల్లు ఎక్కడుంది చెప్పండి? పాత మట్టిగోడల పెంకుటింట్లో ఒక గది, పాత బజార్లో తాతల నాటి మడిగె ఉంటే ఉంటాయి. అలాంటివాళ్లు ఎవరైనా ఉంటే తప్పకుండా నన్ను కలవండి, మీ చేతిలో గట్టి చట్టం ఉంది. మిగతావాళ్లం మాత్రం కిరాయి ఇంతే ఉండాలి అని కోర్టును అడగలేం.

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది, మీరూ చూసే ఉంటారు. రెండు నెలల కన్నా ఎక్కువ అడ్వాన్సు తీసుకోకూడదు, మూడు నెలల ముందు చెప్పకుండా కిరాయి పెంచకూడదు, కొత్త చట్టం వచ్చేసింది అని. అది 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా చట్టం. నమూనా అంటే బట్టకు పెట్టే కాగితం కటింగ్ లాంటిది. దాన్ని చూసి రాష్ట్రం తన చట్టం తాను కుట్టుకోవాలి. అట్లా కుట్టుకోని రాష్ట్రంలో అది చూపించి ఓనర్‌తో కొట్లాడితే మనమే చిన్నబోతాం. ఆంధ్రప్రదేశ్‌లో 2017 పేరుతో వేరే చట్టం ఉంది, అక్కడున్న మీ అక్కచెల్లెళ్లు అక్కడి చట్టం అడిగి తెలుసుకోవాలి. కానీ ఆ నమూనా మనకు పనికిరాదని అనను. దాన్ని ఎట్లా వాడుకోవచ్చో చెప్తాను.

దానికి ముందు, కిరాయి ఎంతైనా సరే, అందరికీ ఉన్న రక్షణ ఏమిటో చూద్దాం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం అని ఒకటుంది. అంత పాతదైనా మన బతుకు దానిమీదే నడుస్తోంది. కాగితం లేకపోయినా, నోటిమాట మీద ఇంట్లో దిగి కిరాయి కడుతుంటే మీరు కిరాయిదారే. "అగ్రిమెంటే లేదు, నీకు హక్కేంది" అంటే భయపడకండి. నెలనెలా నడిచే కిరాయి అని చట్టం దాన్ని లెక్కిస్తుంది. దాన్ని ముగించాలంటే కనీసం 15 రోజుల గడువుతో రాతపూర్వకంగా, సంతకం పెట్టి నోటీసు ఇవ్వాలి. అగ్రిమెంటులో ఒక నెల, రెండు నెలలు అని రాసుకుంటే ఆ గడువే లెక్క. ఫోన్‌లో అరిచింది, వాకిట్లో నిలబడి వీధి వినేట్టు చెప్పింది నోటీసు కాదు.

మరి పదకొండు నెలలు నిండిపోతే? చాలామంది ఇక్కడే గాబరా పడతారు, గడువు అయిపోయింది కాబట్టి తెల్లారి సామాన్లు బయట ఉంటాయని. అట్లా కాదు. గడువు అయ్యాక కూడా మీరు ఉండి, ఓనర్ కిరాయి తీసుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు అది నెలనెలా కిరాయిగా సాగుతుంది. కిరాయి ఎంత అనేది ఇద్దరూ ఒప్పుకోవాల్సిన సంగతి. ఓనర్ ఒక్కరే "ఎనిమిది వేలు" అనుకుంటే ఎనిమిది వేలు కాదు. ఆయనకు ఉన్న దారి ఏమిటంటే, నోటీసు ఇచ్చి మీ కిరాయిదారీ ముగించడం, మీరు పోకపోతే కోర్టులో దావా వేయడం. అంతేగాని తాళం వేయడం, నల్లా బంద్ పెట్టడం, కరెంటు తీగ పీకడం, దూలం మీద కోతిలా ఎక్కి పెంకులు తీయడం... నవ్వకండి, పెంకులు తీసిన సంగతి కూడా నా దగ్గరికి వచ్చింది.

చట్ట ప్రకారం కాకుండా బలవంతంగా ఇంట్లోంచి వెళ్లగొడితే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద ఆరు నెలల లోపు కోర్టుకు పోయి ఇల్లు తిరిగి స్వాధీనం చేయమని అడగవచ్చు. ఆ కేసులో ఇల్లు ఎవరిది అని కోర్టు చూడదు, ఉంటున్న మనిషిని చట్టం తప్పి వెళ్లగొట్టారా అని మాత్రమే చూస్తుంది. ఆరు నెలలు దాటితే ఈ దారి మూసుకుంటుంది. వెళ్లగొట్టకముందే భయముంటే ఇంజంక్షన్ అడగవచ్చు. పోలీస్ స్టేషనుకు పోతే "ఇది సివిల్ మ్యాటరమ్మా" అంటారు. కిరాయి ఎంత అనేది సివిల్ మాటే, నిజం. కానీ బెదిరించడం, చేయి చేసుకోవడం, ఇంట్లో చొరబడి సామాను బయట పారేయడం పోలీసులకు చెప్పాల్సినవే. ఫిర్యాదులో కిరాయి గొడవ మొత్తం రాయకుండా, ఆరోజు ఎన్ని గంటలకు ఎవరు ఏం చేశారో అది మాత్రం రాయండి.

ఇంకో మాట. హక్కు ఉంది కదా అని కిరాయి ఆపకండి. "పెంచాడు కాబట్టి అసలే ఇయ్య" అని కోపంతో ఆపినవాళ్ల కేసు అక్కడే బలహీనమైంది. పాత కిరాయి ఆ తేదీకే పంపండి. బ్యాంకు ఖాతాకో, ఫోన్‌పేలోనో వేసి, కింద "జూన్ నెల ఇంటి కిరాయి" అని రాయండి. చేతికిస్తే రసీదు తీసుకోండి. రసీదు పుస్తకం లేకపోతే మన సంఘం పుస్తకం లాంటి చిన్న నోటుబుక్కు పెట్టి సంతకం తీసుకోండి. తీసుకోను అంటే, మనియార్డరో, బ్యాంకు ద్వారానో పంపి, తిప్పికొట్టిన కాగితం దాచండి. నోటీసు గడువు అయ్యాక కూడా ఏళ్ల తరబడి ఉండిపోవచ్చని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. దావాలో ఓడితే అప్పటి మార్కెట్ కిరాయి లెక్కన నష్టపరిహారం కట్టమని కోర్టు అనవచ్చు. చట్టం మనకిచ్చేది ఊపిరి తీసుకునే సమయం. ఆ సమయంలో మాట్లాడుకోవాలి, లేదా గౌరవంగా ఇంకో ఇల్లు వెతుక్కోవాలి.

మాట్లాడుకోవడం అంటే బతిమాలడం కాదు, లెక్క చెప్పడం. మనకు లెక్కలు కొత్త కాదు. ఆరు వేల ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే ఓనర్‌కు పోయేది 6,000. మీరు నెలకు 500 ఎక్కువ ఇస్తే ఏడాదికి వచ్చేదీ 6,000. అంటే 500 పెంచి మిమ్మల్ని ఉంచుకోవడం, మిమ్మల్ని పంపి ఒక నెల ఖాళీ పెట్టుకుని అయిదు వందలు ఎక్కువిచ్చే కొత్తవాళ్లను తేవడం కన్నా ఆయనకే లాభం. కొత్తవాళ్లు వచ్చే ముందు సున్నం వేయించాలి, మోటరు రిపేరు చూడాలి, వాళ్లు సరిగ్గా కడతారో లేదో తెలియదు. మీరు మూడేళ్లుగా అయిదో తారీఖు దాటకుండా కట్టారని నోటుబుక్కు చూపించండి. దానికి విలువ ఉంది.

మీ వైపు లెక్క కూడా వేసుకోండి. ఇల్లు మారితే బండికి, కూలీలకు అయ్యేది, పాత ఓనర్ సున్నానికని పట్టుకునేది, కొత్త ఇంటికి ఇచ్చే అడ్వాన్సు. ఈ అడ్వాన్సు తిరిగొచ్చే డబ్బే కదా అనుకుంటాం. మూడు నెలల అడ్వాన్సు 18,000 సంఘంలో రూపాయి వడ్డీకి తెచ్చి ఇస్తే, నెలకు 180 వడ్డీ. ఏడాదికి 2,160. అది కూడా కిరాయే, మన సంఘానికి కడుతున్నాం కాబట్టి కనిపించదు. బజాట్లో మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 540. ఇవన్నీ కూడి పన్నెండుతో భాగిస్తే నెలకు ఎంతవరకు పెంపు ఒప్పుకోవచ్చో మీకే ఒక అంకె వస్తుంది. ఆ అంకె మనసులో పెట్టుకుని పోండి. ఒక్కరే పోకండి, సంఘం లీడర్‌ను వెంట తీసుకుపోండి. ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని పుస్తకం తీస్తే మాట తీరే మారుతుంది.

అసలు సంగతి ఏమిటంటే, పెంపు గురించి మాట్లాడాల్సిన రోజు పదకొండో నెల చివరి రోజు కాదు. ఇంట్లో పాలు పొంగించకముందు మాట్లాడాలి. అప్పుడు ఓనర్‌కు కిరాయిదారు కావాలి, మీ చేతిలో ఇంకా అడ్వాన్సు ఉంది. తాళంచెవి తీసుకున్నాక ఆ బలం సగం పోతుంది. అగ్రిమెంటు రాసేవాడు కంప్యూటర్‌లో ఉన్న పాత కాగితంలో పేర్లు మార్చి ప్రింటు తీస్తాడు. అందులో ఏముందో ఓనర్‌కూ తెలియదు, మనకూ తెలియదు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఉంది కదా అని సంతకం పెడతాం. ఇక నుంచి ఆ కాగితంలో పెంపు ఎంత అని ఒక వాక్యం రాయించండి. ఏటా 5 శాతం అంటే ఆరు వేల ఇల్లు మూడు పెంపుల తర్వాత సుమారు 6,946. పది శాతం అంటే 6,600, 7,260, 7,986. పది అంటే చిన్నగా వినిపిస్తుంది గానీ మూడు పెంపుల్లో ఎనిమిది వేలకు పద్నాలుగు రూపాయలే తక్కువ. మొదటి కిరాయి మీద పది శాతమా, ఎప్పటికప్పుడు ఉన్న కిరాయి మీదా అన్నది కూడా రాయాలి. మొదటిదాని మీదైతే 7,800 దగ్గర ఆగుతుంది.

ఇందాక నమూనా చట్టం అన్నాను చూశారా, అది ఇక్కడ పనికొస్తుంది. చట్టంగా మనకు లేకపోయినా ఇద్దరం ఒప్పుకుని రాసుకుంటే అదే మన మధ్య కట్టుబాటు. కిరాయి మార్చాలంటే మూడు నెలల ముందు రాసి చెప్పాలి అని. అడ్వాన్సు రెండు నెలలు మించదు అని. ఓనర్ ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి అని. సున్నానికి ఎంత పట్టుకుంటారో, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో కూడా. కరెంటు మీటరు విడిగా ఉందా చూడండి. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు కిరాయికి ఉండేవాళ్లకూ వర్తిస్తుంది. మూడు పోర్షన్లకు ఒకే మీటరు ఉంటే యూనిట్లు 200 దాటిపోతాయి, అప్పుడు ఎవరికీ రాదు. కిరాయి తక్కువని దిగి, సబ్‌మీటరు పేరుతో యూనిట్‌కు ఇంత అని కడుతున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు.

మడిగె నడిపే అక్కలకు వేరే మాట. టిఫిన్ సెంటరైనా, టైలరింగైనా, బ్యూటీ పార్లరైనా, ఇల్లు మారినట్టు మడిగె మారలేం. గిరాకీ ఆ మూల మలుపుకు అలవాటు పడుతుంది. మన సభ్యురాలు ఒకామె టిఫిన్ సెంటరుకు మూడేళ్లకని అగ్రిమెంటు రాయించుకుంది, నోటరీ కూడా చేయించింది. గట్టు, షెడ్డు, సింకు తన డబ్బుతోనే పెట్టించింది. పద్నాలుగో నెలలో ఓనర్ కొడుకు వచ్చి కిరాయి సగానికి సగం పెంచాలన్నాడు. ఆమె కాగితం చూపించింది. కానీ ఏడాది కన్నా ఎక్కువ గడువు ఉన్న కిరాయి పత్రం రిజిస్టర్ కావాలి. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదు. రిజిస్టర్ కాకపోతే ఆ మూడేళ్ల గడువు కోర్టులో నిలవదు, నెలనెలా కిరాయి కింద చూస్తారు. చివరికి న్యాయ సేవాధికార సంస్థలో ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించాం. ఆమె పెట్టిన షెడ్డు ఖర్చు లెక్క కట్టాం. పెంపు పావు వంతుకు తగ్గింది, ఈసారి మూడేళ్లకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించారు. స్టాంపు డ్యూటీ చెరి సగం. మడిగె మీద డబ్బు పెట్టేవాళ్లు ఆ డబ్బు పెట్టకముందే రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.  పదకొండు నెలల కాగితం పన్నెండో నెల భరోసా ఇవ్వదు.

ఇక ఓనరమ్మల సంగతి. మనలో ఓనర్లంటే మేడలున్నవాళ్లు కారు. ఇంటి లోన్ కిస్తీ కోసం ముందు గది కిరాయికిచ్చి వెనుక వంటింట్లో సర్దుకునేవాళ్లు. మీకు పెంపు అవసరమే. పన్ను పెరుగుతోంది, బోరు రిపేర్లు వస్తున్నాయి, అందరికీ తెలుసు. 2023 జూలై వరదలో నాలా పొంగినప్పుడు ఇళ్లలో బురద ఎత్తి పోయించుకున్నది మీరే. నేను అడిగేది ఒకటే, పెంపు ముందే చెప్పండి, కాగితంలో పెట్టండి. అప్పుడు మీకూ ధైర్యం ఉంటుంది, కిరాయిదారు కోర్టుకు పోతుందేమోనన్న భయంతో పదకొండు నెలలకోసారి మనిషిని మార్చాల్సిన పని ఉండదు. మన సంఘం సభ్యురాలికి ఇల్లిచ్చినప్పుడు ఆమె పొదుపు పుస్తకం అడిగి చూడండి. నెలనెలా కిస్తీ కట్టే మనిషి కిరాయి కూడా కడుతుంది. ఏ కులం అని అడగడం కన్నా అది మంచి ప్రశ్న.

వకీలుకు డబ్బులు ఎక్కడివి అని అడుగుతారు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. తెల్ల కార్డు ఉందా, పచ్చ కార్డు ఉందా అని చూడరు. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు, డబ్బులు పడవు. లేదా హన్మకొండ అదాలత్ దగ్గర కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు రండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టమని అడగవచ్చు. అక్కడ ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెడితే అది కోర్టు డిక్రీతో సమానం, మళ్లీ అప్పీలు ఉండదు. అందుకే చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టండి. వచ్చేటప్పుడు అగ్రిమెంటు జిరాక్సు, కిరాయి కట్టిన నోటుబుక్కు, ఫోన్‌పే వివరాలు, ఓనర్ పంపిన మెసేజ్‌లు ఉంటే అవి తెండి. ఏమీ లేకపోయినా రండి, ఆ చిరునామాతో ఉన్న ఆధార్ కార్డో, గ్యాస్ పుస్తకమో, పిల్లల బడి కాగితమో పనికొస్తుంది.

భోజనాల తర్వాత కుడివైపు టేబుల్ దగ్గర కూర్చుంటాను. అగ్రిమెంటులో రాయించుకోవాల్సిన వాక్యాలు ఒక పేజీ తెలుగులో టైపు చేయించి జిరాక్సులు తెచ్చాను, ప్రతి స్లమ్ సమాఖ్యకు పది. ఈ నెలలో గడువు అయిపోయే కాగితాలున్నవాళ్లు ముందు రండి, మిగతావాళ్లు ఆగినా ఫర్వాలేదు.